రాజవ్వ దాహం

జమ్మికుంటలో బట్టలు కుడుతూ తత్వబోధ చేసే ఈరయ్య గురువుకు ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా సంసారం సంగతి అడిగితే తన ఇంట్లో కూర్చుని జవాబు చెప్పేవాడు కాదు. "ప్రశ్న మీ ఇంట్ల పుట్టింది. జవాబు నా ఇంట్ల ఎట్ల దొరుకుతది?" అని, కుట్టుపని సంచిలో వేసుకుని, భార్య రుక్కవ్వను వెంటబెట్టుకుని ఆ శిష్యుడి ఇంటికే బయలుదేరేవాడు. రెండు మాటల్లో తేలిపోయేదానికి ఇంత నడక ఎందుకని కొత్త శిష్యులు విసుక్కునేవాళ్లు. పాతవాళ్లు నోరెత్తేవాళ్లు కాదు.

కనకలింగం పాతవాడే. బడిపంతులుగా రిటైరైన మనిషి. భార్య పోయింది, కూతురు అత్తగారింట్లో ఉంది. ఇంట్లో అతనూ, ఎనభై ఆరేళ్ల తల్లి రాజవ్వా, ఇద్దరే. తుంటి విరిగిన నాటి నుంచి, అంటే రెండేళ్లుగా, పట్టుకుంటే తప్ప ఆమె మంచం దిగలేదు. ఒక శనివారం పొద్దున అతను గురువు దగ్గరికి వచ్చి అడిగాడు.

"గురువుగారూ, అమ్మను ఇంట్లనే ఉంచుకోవాల్నా, ఆశ్రమంల చేర్చాల్నా?"

ఊరి చివర వృద్ధాశ్రమంలో ఒక మంచం ఖాళీ అయింది. సోమవారంలోగా చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇక్కడ చూస్తే రాజవ్వకు ఈ నెలలో రెండుసార్లు స్పృహ తప్పింది. రెండుసార్లూ డాక్టరు ఒకటే అన్నాడు: ఒంట్లో నీళ్లు లేవు, మూడోసారి ఇట్లాగే అయితే కిడ్నీలు దక్కవు. కనకలింగం రోజూ రాగి చెంబు నింపి మంచం పక్కన పెడతాడు. సాయంత్రానికి చెంబు దాదాపు నిండుగానే ఉంటుంది. బతిమాలాడు, కసిరాడు కూడా. "దూప అయితలేదు బిడ్డా" అంటుంది తల్లి, దాహమే వేయనట్టు. ఆశ్రమంలో నర్సులుంటారు, వాళ్లయితే తాగిస్తారని కూతురు పోరు పెడుతోంది. తల్లిని తీసుకుపోయి ఆశ్రమంలో పడేశాడని ఊరంతా అనుకుంటుందని ఇతని భయం. నిజానికి అతను అడగడానికి రాలేదు. 'నీలాంటి కొడుకు ఉండంగ ఆశ్రమం ఎందుకయ్యా' అని గురువు నోట వినాలని వచ్చాడు.

గురువు ఆ మాట అనలేదు. సంచి భుజాన వేసుకున్నాడు.

ఆ ఇంటిని చూసి ముచ్చటపడని మనిషి ఉండడు. తల్లి పట్టుకుని నడవడానికి గోడ పొడుగునా కర్ర కడ్డీలు కనకలింగం తన చేత్తో బిగించాడు. ఆమెకు ఇష్టమని జొన్న గటక మెత్తగా కాచడం నేర్చుకున్నాడు. తల దువ్వి ముడి వేయడం కూడా నేర్చుకున్నాడు, ముడి కాస్త వంకరగా వచ్చినా సరే. ఇవన్నీ ఒక్కొక్కటే చూపించుకుంటూ పోయాడు. చూపించడంలో కొంచెం గొప్ప ఉన్నమాట నిజమే. అంత చేసిన కొడుకు ఆ మాత్రం గొప్ప పోతే తప్పేముంది!

"బాత్రూంకు ఎవలు తీస్కపోతరు?" అని రుక్కవ్వ అడిగింది.

"నేనేనమ్మా. లేపి తీస్కపోవుడు, కడుగుడు, చీర మార్చుడు, అన్నీ నేనే. కన్నతల్లి కాడ సిగ్గేంది?"

రాజవ్వ కొంగు సవరించుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నిద్ర వస్తున్నదేమో అనుకున్నాడు కొడుకు.

గురువు ఆమెనూ, మంచం పక్కన నిండుగా ఉన్న చెంబునూ చూశాడు. తర్వాత సంచిలోంచి సగం కుట్టిన రవిక తీశాడు. "లింగం, దారం తక్కువ పడ్డది. బజారుకు పోయి గీ రంగుది పట్టుకరా. తొందరేం లేదు, మెల్లగ రా" అని చెప్పి, తాను బయట అరుగు మీద కూర్చున్నాడు.

కనకలింగం వెళ్లాడు. కానీ రెండేళ్లలో తల్లిని పరాయివాళ్ల దగ్గర వదిలిపోయింది లేదు. చౌరస్తా దాకా పోయేసరికి మనసు ఇంటి మీదికే పోయింది. దారం సంగతి వదిలేసి వెనక్కి తిరిగాడు. అతను అరుగు ఎక్కబోతుంటే గురువు ఆగమని చేత్తో సైగ చేశాడు. కిటికీ తెరిచే ఉంది.

లోపల రాజవ్వ మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులా చెంబు ఎత్తి గటగటా తాగుతోంది. నీళ్లు గడ్డం మీదుగా కారి రవిక తడుస్తున్నా ఆపడం లేదు. చెంబు ఖాళీ చేసి రుక్కవ్వ వైపు చాచింది. "ఇంకిన్ని నీళ్లు పొయ్యి బిడ్డా."

"ఇంత దూప పెట్టుకొని తాగవేందవ్వా?" అంది రుక్కవ్వ.

"నీళ్లు తాగితె బాత్రూంకు లేవాలె. లేస్తె వాణ్ణి పిలవాలె. ఇయ్యాల నువ్వున్నవని తాగిన." రాజవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. "బంగారమసొంటి కొడుకు. ఒక్కనాడు మొఖం ముడువలే. అయినా నా కడుపుల పుట్టిన మొగపిలగానితోని ఆ పని చేయించుకునుడు నాకు పానం ఒప్పుతలేదమ్మా. చెప్తె వాని మనసు ఇరుగుతది. నువ్వు సుత చెప్పకు."

కనకలింగం అక్కడే గోడకు చేరగిలబడి కూలబడ్డాడు. రెండేళ్లుగా తల్లి తన మనసు విరగకూడదని గొంతెండబెట్టుకుని పడుకుంది. ప్రాణం మీదికి వచ్చినా చెప్పలేదు. ఎదుటివాళ్ల కోసం ఓర్చుకుంటున్నది తానొక్కడేననుకున్నాడు ఇంతకాలం. అరవై రెండేళ్ల మనిషి, వీధిలో పోయేవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాడు. ఈరయ్య గురువు అతన్ని మందలించలేదు, ఓదార్చనూ లేదు. తన ఉత్తరీయం అందించి, అతను తేరుకునేదాకా పక్కనే కూర్చున్నాడు. మహానుభావుడంటే ఆయనే.

చివరికి కనకలింగం అడిగాడు. "అయితె ఆశ్రమంల చేర్పిస్తె మంచిదా గురువుగారూ? ఇంటికే ఒక ఆడమనిషిని పెట్టుకుంటె మంచిదా? అమ్మనే అడగాల్నా?"

"అడిగితె 'నీ ఇష్టం బిడ్డా' అంటది" అన్నాడు గురువు, సూది రవికకు గుచ్చి సంచిలో పెడుతూ. "గా మాట పట్టుకోకు లింగం. ఏడ దూప తీర తాగుతదో చూడు."