ఎర్రపూల తోటలో మౌనవ్రతం

వినేవారికి మేలు కలుగుగాక. చెప్పే నాలుక తడబడకుండుగాక. అనగనగా పడమటి కొండల్లో ఒక ఆశ్రమం, ఆ ఆశ్రమంలో ఒక పెద్దస్వామి. ఎవరేమి అడిగినా ఆయన వెంటనే బదులు చెప్పేవారు కారు. అడిగినవారికి ఏదో ఒక పని అప్పగించి, అది ముగిసేదాకా ఊరుకునేవారు.

ఆయన శిష్యుడు కోదండపాణి మాఘమాసమంతా మౌనవ్రతం పట్టబోతూ, చివరి మాటగా ఇలా అడిగాడు: "స్వామీ, మౌనం భయాన్ని హరిస్తుందంటారు. నాలో భయం పోయిందని నాకెలా తెలుస్తుంది?" పెద్దస్వామి తల పంకించి ఊరుకున్నారు.

వ్రతం సగానికి వచ్చాక ఒక ఉదయం, ఆయన అతణ్ణి వర్షారణ్యం నడుమ ఉన్న పూలతోటకు తీసుకువెళ్ళారు. ఆశ్రమంలో వంట చూసే పేరిందేవమ్మ కూడా వెంట బయలుదేరింది. చూపు మందగించిన ముసలావిడ. అయినా ఎర్రపూలు విరగబూశాయని విని ఆగలేకపోయింది. అది అందరూ టికెట్టు కొనుక్కుని చూసే తోటే. పైన ఎర్రపూల రోడోడెండ్రాన్ చెట్లు, కింద రాలిన పూలతో ఎర్రబడిన రాతిబాట. కాని దానికి కంచె లేదు. తోట ఎక్కడ ముగిసి అడవి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. బాటకు ఒక పక్కన లోయ.

"మంచు దిగితే ఎక్కడివారక్కడే నిలబడండి. ఒకరినొకరు పిలుచుకుంటూ ఉండండి. అడవిదున్నలు తిరుగుతుంటాయి, మనిషి గొంతు వింటే తొలగిపోతాయి" అన్నాడు టికెట్లు చింపే మనిషి.

పెద్దస్వామి గేటు దగ్గరి బల్ల మీద కూర్చున్నారు. "నా మోకాళ్ళకు ఇక్కడితో సరి. ఈవిడను నీకు అప్పగిస్తున్నాను, నాయనా" అన్నారు.

బ్రహ్మచారి కనుక కోదండపాణి ఆమె చేయి పట్టుకోలేదు. ముందు నడిచాడు. రాతి మీద అతని పావుకోళ్ళ చప్పుడే ఆమెకు దారి.

"నీతో తోట చూడడం గోడతో పేకాడినట్టుంది, నాయనా! ఆ చెట్టు అంత ఎర్రగా ఉందా, నా కళ్ళే అలా ఉన్నాయా? ఊఁ అన్నా వ్రతం చెడుతుందా ఏమిటి?" అంటూ ఆమె కర్ర తాటించుకుంటూ వెనుక వచ్చింది.

చూస్తుండగానే మంచు దిగింది. మొదట కొమ్మలు పోయాయి, తరువాత పూలు, తరువాత అతని చేతులే అతనికి కనబడలేదు. అప్పుడు దగ్గరలోనే ఏదో బరువుగా ఊపిరి విడిచింది. పచ్చిగడ్డి, బురద కలిసిన వాసన వేసింది. కోదండపాణి ఆగిపోయాడు. పావుకోళ్ళ చప్పుడూ ఆగిపోయింది.

"కోదండపాణీ!"

అతడు పెదవులు బిగించాడు. నాకు వ్రతం ఉంది, అనుకున్నాడు.

"ఎక్కడున్నావు నాయనా? చప్పుడైనా చెయ్యి!"

ఊపిరి ఇంకొంచెం దగ్గరైంది. అతడు కాలు కదపలేదు.

ఈసారి ఆమె గొంతులో పరిహాసం లేదు. "పడ్డావా బిడ్డా? దెబ్బ తగిలిందా? కదలకు, నేనే వస్తున్నాను."

కర్ర చప్పుడు మొదలైంది. అది అతని వైపు రావడం లేదు. బాట దాటి, రాలిన ఆకుల మీదుగా లోయ వైపు పోతోంది. ఆ సంగతి అతనికి స్పష్టంగా తెలుస్తూనే ఉంది. అయినా నోరు పెగలలేదు. ఇంతలో ఒక రాయి దొర్లింది. అది కింద పడిన చప్పుడు కోసం అతడు చెవులు రిక్కించాడు. ఏ చప్పుడూ రాలేదు.

"అమ్మా! ఆగు! ఆగమ్మా!"

ఆ కేకకు పక్కనున్న భారీ ఆకారం ఉలిక్కిపడి, పొదలు విరుచుకుంటూ అడవిలోకి పారిపోయింది. కోదండపాణి పావుకోళ్ళు వదిలేసి, నేల తడుముకుంటూ పాకి, ఆమె చీర కుచ్చెళ్ళు దొరకబుచ్చుకున్నాడు. ఆమె ముందుకు చాచిన కర్ర కింద నేల లేదు.

"బతికే ఉన్నావా! మరి పలకవేం?" అన్నది ఆమె. అతని తల తడిమి చూసి ఏడ్చింది.

మంచు విడిచాక ఇద్దరూ గేటు దగ్గరికి వచ్చారు. అతడు ఆమె చేయి విడువలేదు. పెద్దస్వామి ముందు తల వంచి, "స్వామీ, నా వ్రతం భంగమైంది. అరిచాను" అని, జరిగినదంతా చెప్పాడు.

పెద్దస్వామి అతని వట్టి పాదాల వంక చూశారు.

"అరుపు సంగతి అలా ఉంచు నాయనా. ఆవిడ మొదటిసారి పిలిచినప్పుడు నోరు మూసుకున్నావే, అది దేవుడి కోసమా, దున్న కోసమా?"

ఈ కథ నాకు మొదట చెప్పినది మా నాయనమ్మ పేరిందేవమ్మ.