రాజుగారి దూరహస్తం

రాజు మేడమీద పడుకునే ఉండాలి. కింద సభలో ఉన్న కాగితం మీద ఆయన చేత్తోనే సంతకం పడాలి. ఎలాగర్రా? ఊఁ, చెప్పండి. పొడుగాటి కలమా? దగ్గరికే వచ్చావు, కూర్చో.

రత్నగుట్ట రాజు విలాసరాయుడు సరిగ్గా ఇదే అడిగాడు. మెట్లు దిగడం ఆయనకు ఆయాసం. దిగితే జనం గోడు వినాలి, అది ఇంకా ఆయాసం.

మంత్రి చండేశ్వర ప్రెగ్గడ వెంటనే ఒక యంత్రం చేయించాడు. మేడ నేలకు చిల్లు పెట్టి తాళ్ళూ వెదురు బద్దలూ దింపాడు. పైన రాజు మణికట్టుకు పట్టు పట్టీ, కింద బల్లమీద కలం. పైన చెయ్యి ఎటు కదిలితే కింద కలం అటు కదులుతుంది. మంత్రి గంట కొడతాడు, రాజు గీస్తాడు. దాని పేరు దూరహస్తం.

రాజుగారి వ్రాలు, అదే సంతకం, కూడా సుళువే. ఒక అడ్డగీత, చివర కొక్కెం. చిన్నప్పుడు అక్షరాలు దిద్దలేదని రాజకుమారుడి వేళ్ళమీద కొట్టే ధైర్యం ఏ పంతులుకి ఉంటుంది?

"పైనుంచి గీత దిగిందంటే అది ప్రభువు ఆజ్ఞే!" అని మంత్రి చాటించాడు.

"నీకేం కావాలయ్యా?" అన్నాడు రాజు మురిసిపోతూ.

"తమ చల్లని చూపు చాలు ప్రభూ."

అంత వినయంగా చెప్పి, కిందికెళ్ళి మొదట పెట్టిన కాగితం ఏమిటనుకున్నారు? కుమ్మరుల మన్నుగుంటను మంత్రిగారి పూలతోటకు ఇచ్చేసినట్టు! గంట మోగింది. గీత దిగింది. కుమ్మరులను కుండలు చేసే సారెలు ఎత్తుకుని ఊరు విడిచి పొమ్మన్నారు.

రాజుకు వింజామర వీచే కోనమ్మ పుట్టిల్లు ఆ కుమ్మరిపేటే. ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ప్రభూ, ఇందాక తమరు దేనిమీద వ్రాలు పెట్టారో..."

"నాకెందుకే? చూసే పని తప్పిందనేగా ఈ యంత్రం!"

సాయంత్రం కోనమ్మ పేటకెళ్ళి వదిన పోలమ్మ చెవిలో ఏదో ఊదింది.

మర్నాడు కోనమ్మ వింజామర వీస్తూ సభ వైపు కిటికీలోంచి కిందికి చూస్తోంది. సభలో పోలమ్మ ఒక కాగితం చాపింది. మంత్రి చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"విన్నారటయ్యా! నా మేడా పెరడూ కుమ్మరులకు ఇచ్చెయ్యాలట!"

"ఒక్కసారి కలం కింద పెట్టనివ్వండి బాబయ్యా. మా రాత ఎలా ఉందో!"

"పెట్టుకోవే! పొద్దుగూకేదాకా పెట్టుకో! నేను గంట కొట్టందే ఆ కలం కదిలితే కదా!"

సభంతా నవ్వింది. మంత్రి నవ్వినప్పుడు నవ్వడం సభామర్యాద.

రాజు అప్పుడే మామిడి రసాలు జుర్రుకుని కునుకు తీస్తున్నాడు. మీసానికి రసం అంటుకుని ఉంది, చేతికి పట్టీ ఉంది. కోనమ్మ వింజామర ఆపింది.

ఈగకు పిలుపు పంపాలా? వచ్చి మీసం మీద వాలింది. రాజు కళ్ళు తెరవకుండానే చెయ్యి విసిరాడు.

కింద కలం పోలమ్మ కాగితం మీద బర్రున కదిలింది. అడ్డగీత. చివర కొక్కెం.

మంత్రి రొప్పుతూ మెట్లెక్కి వచ్చిపడ్డాడు.

"మోసం ప్రభూ! ఇది వ్రాలు కాదు! తమరు ఊరికే చెయ్యి విదిలించి ఉంటారు!"

"అవునయ్యా, ఈగను తోలాను. అయితే ఏం?"

కోనమ్మ తల వంచుకుని నెమ్మదిగా అంది:

"మరి నిన్న మన్నుగుంట మంత్రిగారికి రాసిచ్చింది ప్రభువులవారా, ఈగా?"

రాజు లేచి కూర్చున్నాడు. రెండు కాగితాలూ తెప్పించి పక్కపక్కన పెట్టాడు.

"ఇందులో నాదేదో, ఈగదేదో చూపించు మంత్రీ."

మంత్రి చూశాడు. తిప్పి చూశాడు. వెలుతురుకు పట్టి చూశాడు.

"రెండూ నావైతే గుంట నీది, నీ మేడ వాళ్ళది. రెండూ ఈగవైతే రెండూ చెల్లవు. ఏమంటావు?"

"ఈగవే ప్రభూ! రెండూ ఈగవే!"

రాజు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు చెయ్యి ఊగి, కింద కలం ఉత్త బల్లమీద బరబరా గీస్తుంటే, సభికులు గీతగీతకూ చేతులు జోడించి "చిత్తం, చిత్తం" అంటున్నారు. కిటికీలోంచి అది చూసి రాజు పట్టీ విప్పేశాడు. రెండు కాగితాలూ చించి, ముంజేతి కంకణం తీసి కోనమ్మకిచ్చాడు.

"ఈగకు ఇది పట్టదు. నువ్వే పెట్టుకో!"

ఊఁ, ఇక లేవండి. చిక్కుడుకాయల ఈనెలు తియ్యడం నాకింకా సగంలోనే ఉంది.