చేటచేతుల దీనమ్మ

అనగనగా అంటే ఎప్పుడో అనుకునేరు. ఏరు ఇప్పటికన్నా ఇంకాస్త దగ్గరగా పారే రోజుల్లో. ఆ ఏటి పక్కన ఒక పేట. పేటకి ఒక గుడి. ఇప్పుడు మనం చర్చి అంటున్నాం గానీ, అప్పుడు గుడి అనే అనేవాళ్ళు. తాటాకు కప్పు, మట్టి గోడలు, తాడు లాగితే మోగే ఒక గంట. అయ్యగారు నిలబడే చోటుకి ముందు రెండు ఉండేవి. ఒక గుడ్డ సంచి, ఒక మట్టి బాన.

సంచి గుడికి. బాన బయటికి. అదీ లెక్క.

సంచిలో పడింది కప్పుకీ, దీపానికీ, అయ్యగారి జీతానికీ. బానలో పడింది మాత్రం పేటవాళ్ళు ముట్టకూడదు. అది రేవులో దిగిన పరదేశికి, ఊరవతల ఉంచిన రోగికి, దిక్కులేని పిల్లకి. దేవుణ్ణి నమ్మారా లేదా అని అడగకూడదు. ఆకలైందా అని అడిగితే చాలు.

బానలో పడేది బియ్యం. ప్రతి ఇంట్లో ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన మూకుట్లో వేసేది. పూటకి పిడికెడు. వారమంతా పోగైంది ఆదివారం మూటగట్టి తెచ్చి బానలో పోసేది. ఇదేం బరువైన మొక్కు కాదు. అందుకే ఎవరూ తప్పేవాళ్ళు కాదు.

ఆ బాన కడగడం, బియ్యం ఏరడం, వండి పెట్టడం, గుడి ఊడవడం, గంట కొట్టడం, అన్నీ దీనమ్మవే. దీనమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు. ఇంటింటా వడ్లు దంచి బతికేది. రోకలి పట్టీ పట్టీ ఆమె చేతులు మగవాళ్ళ చేతులకంటే వెడల్పయ్యాయి. పేట మొత్తం ఆమెని చేటచేతుల దీనమ్మ అనేది. ఆమె కూడా నవ్వేది. "చేట కొనుక్కునే పని లేకుండా చేశాడు దేవుడు నాకు" అనేది.

ఒక ఏడు ఏరు పొంగింది. ఏటి నడుమ లంకలో చేపలు పట్టుకు బతికేవాళ్ళు గుడిసెలు పోగొట్టుకుని, పిల్లల్ని భుజాన వేసుకుని పేట పక్కనున్న కట్ట మీదికి ఎక్కారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఏనాడూ గుడి గడప తొక్కినవాళ్ళు కారు. యోనా అయ్యగారు పెద్దల్ని పిలిచి, "నీళ్ళు తీసేదాకా వాళ్ళని మన బాన సాకాలి" అన్నాడు. పెద్దలు సరేనన్నారు. దీనమ్మ కట్ట మీద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. రోజుకొక పెద్ద కుండ జావ.

మొదటి ఆదివారం బాన మెడదాకా నిండింది. ఆ వారం జావ చిక్కగా ఉంది. వరసలో చివరి మనిషికీ ముంత నిండా దొరికింది.

రెండో ఆదివారం బాన నడుందాకా వచ్చింది. ఆ వారం జావ పలచబడింది. చివరి మనిషికి సగం ముంతే దొరికింది.

మూడో ఆదివారం బానలోకి తొంగిచూస్తే అడుగు కనిపించింది.

వరసలో చివరి మనిషి ఎప్పుడూ ఒకతే. వీరమ్మ అని లంకపిల్ల, బాలింత. చేతిలో ఇరవై రోజుల బిడ్డ. గబగబా నడవలేదు, తోసుకుని ముందుకి రాలేదు. అప్పటికి రెండు రోజులుగా ఆమె వచ్చేసరికి దీనమ్మ కుండ గోకుతూ ఉండేది. గోకిన దాంట్లో నీళ్ళు కలిపి ఇచ్చేది. ఆ నీళ్ళకి పాలేం పడతాయి. బిడ్డ ఏడుపు కూడా సన్నబడింది.

ఆ మూడో ఆదివారం ఆరాధన అయ్యాక తీతు లేచాడు. తీతు అంటే సంఘానికి పెద్ద, పేటలో పెద్ద ఇల్లు అతనిదే. మాట గట్టిది, మనిషి చెడ్డవాడు కాదు.

"ఇళ్ళు అవే. పొయ్యిలు అవే. పూటకి పిడికెడు అదే. మరి బియ్యం ఏమైనట్టు?" అన్నాడు.

అందరి కళ్ళూ దీనమ్మ చేతుల మీదికి పోయాయి. బాన దగ్గర ఉండేది ఆమె. బియ్యం ముట్టేది ఆమె. పైగా అంతంత చేతులు. ఏళ్ళ తరబడి నవ్వుకున్న చేతులే ఆ పూట దొంగచేతుల్లాగా కనిపించాయి వాళ్ళకి. మనుషులు అంతే, ఏం చేస్తాం.

"దొంగ ఎవరో తేలేదాకా కట్ట మీద పొయ్యి వెలగటానికి లేదు" అన్నాడు తీతు.

దీనమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, నన్ను దొంగన్నా అనండి, రేపు పొయ్యి మాత్రం ఆపకండి. ఆ బాలింతకి జావ అందకపోతే బిడ్డ ఉండడు. రేపు పొద్దున ఒక్క పూట నన్ను పేటంతా తిరగనియ్యండి. బాన నింపలేకపోతే నేనిక ఈ గుడి గడప తొక్కను."

"ఏం పెట్టి నింపుతావ్?" అన్నాడు తీతు.

"ఈ చేతులతోనే" అంది దీనమ్మ.

యోనా అయ్యగారు తలూపాడు. తీతు కాదనలేదు.

తెల్లారి, వంటల వేళకి దీనమ్మ బయలుదేరింది. మొదట తీతు ఇంటికే వెళ్ళింది. తీతు భార్య రాహేలమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఇంట్లోకి బియ్యం తవ్వతో కొలిచి, పైన తన చేత్తో ఇంకో పిడికెడు వేసింది. దేవుడి వంతు వచ్చేసరికి, "అమ్మాయ్ రిబ్కా, ఇటు రా" అని కోడల్ని కేకేసింది. కోడలు సన్నటి పిల్ల. ఆ పిల్ల చేతిలో నాలుగు చింతగింజలు పట్టడం కష్టం.

దీనమ్మ అరచెయ్యి చాపింది. "మూకుట్లో వద్దు తల్లీ, ఇందులో పొయ్యి" అంది.

రిబ్కా పోసింది. అంత పెద్ద అరచేతిలో ఆ బియ్యం ఒక మూలకి వచ్చాయి.

"ఇంకా చోటుందక్కా" అంది దీనమ్మ, కోడలితో కాదు, రాహేలమ్మతో.

"పిడికెడంటే పిడికెడే గందా. మేం తప్పిందెప్పుడు?"

"తప్పలేదక్కా. ఇంకా చోటుందంటున్నా, అంతే."

అని ఊరుకుంది. చెయ్యి మాత్రం తీయలేదు. పొయ్యిలో పుల్లలు చిటపటమంటున్నాయి. ఎసరు తెర్లుతోంది. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. రాహేలమ్మ ముందు ముఖం చిట్లించింది, తర్వాత పక్కకి తిప్పుకుంది, చివరికి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నారుమళ్ళన్నీ మునిగిపాయె. రేపు మనమేం తింటామో అని భయమేసిందే దీనమ్మా. మానేస్తే పాపమని మానలేదు. కోడలి చెయ్యయితే కాస్త మిగులుద్దని..."

"నాకూ భయమేనక్కా. భయపడతానే తియ్యి."

రాహేలమ్మ లేచి తన చేత్తో తీసింది. ఒకటి, రెండు, మూడు. దీనమ్మ అరచెయ్యి నిండింది. ఒళ్ళోని గుడ్డలో పోసుకుని బయటికి నడిచింది.

రెండో ఇల్లు సారమ్మది. పాడి గల ఇల్లు. సారమ్మ తన చేత్తోనే తీసింది, కాకపోతే వేళ్ళు ఎడంగా పెట్టి తీసింది. సగం గింజలు మళ్ళీ కుండలోకే జారాయి.

"ఇంకా చోటుంది వదినా."

"నీ చెయ్యి నిండాలంటే మా గాదె ఖాళీ అవ్వాలే" అని నవ్వింది సారమ్మ.

"గాదె దాకా ఎందుకు వదినా. వేళ్ళు మూస్తే చాలు."

సారమ్మ నవ్వు ఆగింది. వేళ్ళు మూసి తీసింది. చెయ్యి నిండేదాకా తీసింది.

మూడో ఇల్లు మార్తమ్మది. మొగుడు కాలు విరిగి మంచాన ఉన్నాడు. ముగ్గురు పిల్లలు. కుండలో ఉన్నదంతా నూకలే, అవీ అడుగున. దొంగ అనే మాట గుడిలో పుట్టింది గనక, ఆ మాట ఎక్కడ తనమీదికి వస్తుందోనని భయపడి మార్తమ్మ రెండు చేతులా దోసిలి పట్టి తీసింది.

దీనమ్మ చెయ్యి చాపింది. ఈసారి చేట కాదు. వేళ్ళు లోపలికి ముడిచి, చిన్నపిల్ల అరచెయ్యంత చేసింది. నాలుగు గింజలు పడగానే, "నిండింది తల్లీ" అంది.

"అదేంది అత్తా, చెయ్యి ముడిచావ్?"

"నా చెయ్యింతే. పెద్దదని ఊరికే అంటారు. మిగిలింది కుండలో పోసుకో."

అట్లా పేటంతా తిరిగింది. కొన్ని ఇళ్ళలో ఇంకా చోటుందంది. కొన్ని ఇళ్ళలో నిండిందంది. కట్ట మీద పొయ్యి వెలిగే వేళకి బాన మెడదాకా వచ్చింది. ఆ రోజు జావ చిక్కగా కాగింది. వీరమ్మ ముంత నిండా తాగి, ఇంకో ముంత కూడా తాగింది. రెండు రోజులకి పాలు పడ్డాయి. బిడ్డ మళ్ళీ గట్టిగా ఏడవడం మొదలుపెట్టాడు. కట్ట మీదివాళ్ళెవరూ ఆ ఏడుపుని విసుక్కోలేదు.

నాలుగో ఆదివారం తీతు లేచాడు. ఇంట్లో ఏం జరిగిందో భార్య అప్పటికే చెప్పింది. అయినా సంఘం ముందు అడగాలి గనక అడిగాడు.

"దొంగ దొరికాడా దీనమ్మా?"

"దొంగెవరూ లేరు పెద్దయ్యా. బియ్యం ఎవరి కుండల్లో వాళ్ళకే ఉన్నయి."

తీతు తలొంచుకున్నాడు. "నిన్ననుమానించాను. తప్పు నాది. మా ఇంటి తప్పుని నీ చేతుల మీద పెట్టాను" అన్నాడు. అప్పుడు దీనమ్మకి ఏడుపొచ్చింది. ఆ వారమంతా ఒక్క పూట కూడా అన్నం సయించలేదు ఆమెకి. ఆ సంగతి కూడా అప్పుడే చెప్పింది.

నీళ్ళు తీశాయి. లంకవాళ్ళు లంకకి పోయారు. దీనమ్మ మాత్రం తిరగడం ఆపలేదు. వారానికొకసారి ఇంటింటికీ పోయి చెయ్యి చాపేది. ఇంకా మూడు వరదలు చూసింది. తర్వాత ఒక వేసవిలో, పెద్ద జబ్బేమీ లేకుండానే, నిద్రలో పోయింది.

ఆడవాళ్ళు ఆమెకి స్నానం చేయిస్తున్నారు. మార్తమ్మ కుడిచెయ్యి కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది.

"ఈ చెయ్యి మా ఇంటి కాడ ముడుచుకునేది. మాకు లేదని ఎట్లా తెలుసుకునేదో ఏమో. నేనెవరికీ చెప్పలా" అని ఏడ్చింది.

పాదాలు కడుగుతున్నామె తలెత్తింది. "మీ ఇంటి కాడా? మా ఇంటి కాడ గదా ముడిచేది."

తల దువ్వుతున్నామె దువ్వెన పక్కన పెట్టింది. "మా మామ పోయిన ఏడు, సంవత్సరం పొడుగునా ముడిచింది" అంది.

ఇంకొకరు, మరొకరు. పది ఇళ్ళు తేలాయి. ఎవరికి వాళ్ళు తమ ఇంటి దగ్గర మాత్రమే ముడిచిందనుకున్నారు. పదేళ్ళ పైన తిరిగింది, ఒకరి సంగతి ఇంకొకరి చెవిన వేయలేదు.

అప్పటికి రాహేలమ్మ పండు ముసలిది. గోడకి ఆనుకుని కూర్చుని అంతా వింది. "మా ఇంట్లో ఒక్కనాడూ ముడవలేదర్రా. పోయిన వారం కూడా ఇంకా చోటుందక్కా అంది" అని నవ్వబోయి ఏడ్చేసింది.

ఇప్పటికీ ఆ పేటలో బియ్యం మూటగట్టి గుడికి తేరు. ఏడాదికొక మనిషిని ఎంచుకుంటారు. ఆమె ఇంటింటికీ వచ్చి చెయ్యి చాపుతుంది. ఆమె పేరు ఆ ఏడంతా ఎవరూ పలకరు, "చెయ్యి వచ్చింది" అంటారు. దేవుడి బియ్యం కోడలి చేత తీయించరు, ఇంట్లో ఎవరి చెయ్యి పెద్దదైతే వాళ్ళే తీస్తారు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు ఇదేంటని అడిగితే ఈ కథ చెప్తారు.

చోటుంటే ఆమె చోటుందంటుంది. ఎవరూ కోప్పడరు.

ఆమె చెయ్యి చాపేటప్పుడు మాత్రం ఆ ఇంట్లో ఉన్న చుట్టాలూ, గుమ్మంలో నిలబడ్డ పక్కింటివాళ్ళూ, ఆఖరికి సంఘపెద్ద అయినా సరే, ముఖం అవతలికి తిప్పుకోవాలి. తిప్పుకోకపోతే ముసలమ్మలు కసురుతారు. ఆ చెయ్యి విచ్చుకుందో ముడుచుకుందో పోసినామెకి తెలియాలి, పట్టినామెకి తెలియాలి. మూడో మనిషికి తెలియకూడదు.