కాలదంష్ట్రుడి దీవి

పిల్లలూ, ఇది మన తాతలకు తాతలు పుట్టకముందు మాట. తామ్రపురాన్ని ధర్మకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడిది ఏనుగంత బలం. రెండోవాడు రణకేతుడు కత్తి పడితే ఎదురులేదు. మూడోవాడు శశికేతుడికి బలమూ లేదు, కత్తిసామూ రాదు. చీమల బారు కనబడినా పూటంతా చూస్తూ కూర్చునేవాడు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో కాలదంష్ట్రుడనే రాక్షసుడు ఉండేవాడు. అక్కడ దిగిన నావికులను పట్టుకుని, "నాతో కుస్తీకి రా!" అనేవాడు. ఓడినవాళ్లను గుహలో తోసి, పెద్ద బండ అడ్డం పెట్టేవాడు. అమావాస్యకొకరిని తినేవాడు.

జయకేతుడు వెళ్లాడు. రాక్షసుణ్ణి మూడుసార్లు ఎత్తి నేలకు కొట్టాడు. మూడుసార్లూ వాడు రెట్టింపు బలంతో లేచాడు. జయకేతుడు గుహ పాలయ్యాడు. రణకేతుడు వెళ్లాడు. మూడుసార్లు పొడిచి పడగొట్టాడు. మూడుసార్లూ నేల తగలగానే వాడి గాయం మానిపోయింది. రణకేతుడూ గుహ పాలయ్యాడు.

"నేను వెళతాను నాన్నగారూ," అన్నాడు శశికేతుడు.

"అంత బలవంతులే తిరిగి రాలేదు. నువ్వూ పోతే నాకెవరున్నారు నాయనా?" అన్నాడు రాజు.

"అన్నలు అక్కడ చీకట్లో ఉంటే నాకిక్కడ అన్నం ఎలా సయిస్తుంది?"

రాజు కొడుకు తల నిమిరి సాగనంపాడు. ఒక నావికుడి కూతురు వకుళ పడవ నడిపింది. ఆమె తండ్రీ ఆ గుహలోనే ఉన్నాడు.

దీవి దగ్గర ఒక రాతి చాటున పడవ ఆపి, శశికేతుడు మూడు రోజులు రాక్షసుణ్ణి చూశాడు. వాడు వట్టి నేలమీదే పడుకునేవాడు. అల వస్తే వెనక్కి జరిగేవాడు.

రాతిమీది ముసలి నీటికాకి నోరు విప్పింది. "వందేళ్లుగా చూస్తున్నాను. వాడు ఒక్కనాడూ ఈ నేల దాటి నీళ్లలో కాలు పెట్టలేదు. వాడు భూమికి పుట్టిన బిడ్డ. బలమంతా ఆ తల్లిది. వాడు మాత్రం తనదే అనుకుంటున్నాడు."

శశికేతుడు పడవను ఒడ్డుకు చేర్పించి దిగాడు.

"కాలదంష్ట్రా! మావాళ్లు పడవమీద కుస్తీ పడతారు. నీకు ఆ ధైర్యం లేదని లోకమంతా చెప్పుకుంటోంది!"

"నాకా ధైర్యం లేనిది?" రాక్షసుడు ఒక్క గెంతులో పడవెక్కాడు. ఆ వెనకే శశికేతుడూ ఎక్కాడు. వకుళ పడవను లోతుల్లోకి నెట్టింది.

కొంతదూరం పోయేసరికి రాక్షసుడి కాళ్లు తడబడ్డాయి. శశికేతుడు చేయి పట్టి లాగితే కూలబడిపోయాడు.

"నన్నేం చేశావు?"

"నీ తల్లికి దూరంగా తీసుకొచ్చాను."

వాడికప్పుడు అర్థమైంది. చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "ఒక్క పిడికెడు మట్టి ఇయ్యి!"

శశికేతుడి కళ్లు చెమ్మగిల్లాయి. ఇస్తే అన్నలు దక్కరు. ఇవ్వలేదు. కానీ వాడి తలను ఒడిలో పెట్టుకుని, పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. అప్పటికి వాడి ఊపిరి ఆగిపోయింది.

"సముద్రంలో వదిలేద్దాం," అంది వకుళ.

"వద్దు. బిడ్డను తల్లికి అప్పగించాలి."

"మట్టి తగిలి మళ్లీ లేస్తేనో?"

ఆ భయం శశికేతుడికీ ఉంది. అయినా ఇద్దరూ కలిసి వాణ్ణి ఒడ్డుకు లాగి, గొయ్యి తవ్వి పడుకోబెట్టారు. ప్రాణం పోయాక మట్టి తగిలినా కాలదంష్ట్రుడు లేవలేదు. భూమి ఒక్కసారి నిట్టూర్చినట్టు కదిలింది. గుహకు అడ్డంగా ఉన్న బండ దానంతటదే పక్కకు దొర్లింది.

లోపలినుంచి జయకేతుడు వచ్చాడు. రణకేతుడు వచ్చాడు. వకుళ తండ్రి కళ్లు చికిలించుకుంటూ వచ్చి, కూతురి ముఖం తడిమి చూసుకున్నాడు.

తామ్రపురం చేరాక, రాజు మెచ్చి రాజ్యం ఇవ్వగా, పెద్దన్నే తన చేతులతో తమ్ముడికి కిరీటం పెట్టాడు. శశికేతుడికీ వకుళకూ పెళ్లయింది. వాళ్లు అరవై ఏళ్లు చల్లగా రాజ్యమేలారు. ఏటా ఒకసారి ఇద్దరూ ఆ దీవికి వెళ్లి, వంగి నేలకు దణ్ణం పెట్టి వచ్చేవారు.