నాంచారమ్మ గారి పాదం

వరూధిని శరీరం ఎప్పుడూ ఆమె మాట కాదనలేదు.

వంగమంటే వంగేది. నిలవమంటే నిలిచేది. శీర్షాసనంలో ఉండి కూడా పక్కవాళ్ళతో వాదించి గెలుస్తుందని, ఆమె యోగా నేర్చుకున్న ఆశ్రమంలో అందరూ నవ్వుకునేవారు. చీరాలలో గర్భిణులకు ఆమె యోగా తరగతులు చెబుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే ఒక మాట చెప్పేది. "శరీరానికి చెప్పే తీరులో చెబితే వింటుంది. కాన్పయినా అంతే. నేను చెప్పినట్టు చేయండి, కత్తి మీ జోలికి రాదు."

అలాంటిది, ఆమె కడుపులో బిడ్డే తల పైకి పెట్టుకుని, కాళ్ళు కిందికి చాపుకుని కూర్చుంది.

అందరి బిడ్డలూ పక్కటెముకల కింద తంతారు. ఈ బిడ్డ పొత్తికడుపులో తన్నేది. పక్కటెముకల కింద తడిమితే గుండ్రంగా, గట్టిగా తల చేతికి తగిలేది.

నెలలు నిండాయి. బిడ్డ తిరగలేదు. ఉమ్మనీరు తక్కువగా ఉంది, బయటినుంచి తిప్పే ప్రయత్నం చేయకూడదంది డాక్టరమ్మ. గురువారం పొద్దున ఆపరేషన్. ఈలోపు నొప్పులు మొదలైనా, నీరు పోయినా ఆ క్షణమే బయల్దేరి రమ్మంది.

వరూధిని తలూపి ఇంటికొచ్చింది. వచ్చి, పరుపు మీద మోకాళ్ళూ ఛాతీ ఆనించి, నడుం పైకెత్తి పెట్టింది. పొద్దున అదే, మధ్యాహ్నం అదే, సాయంత్రం అదే. బిడ్డ తలకి చల్లగా తగిలితే కిందికి దిగుతుందని పొట్ట పైభాగాన తడిగుడ్డ వేసుకుంది. పాట వినపడిన వైపు తిరుగుతుందని పొట్ట కింద ఫోనులో పాటలు పెట్టింది. పక్కింటావిడ మెట్లెక్కి దిగమంది. ఎదురింటావిడ, గ్రహణం రోజు ఏం కోశావో గుర్తు తెచ్చుకోమంది. బిడ్డ తనకు నచ్చినట్టు కూర్చుంటే సంజాయిషీ మాత్రం తల్లి చెప్పుకోవాలి. భర్త శేషుని ఎవరూ ఏమీ అడగలేదు. గ్రహణం రోజు అతనూ ఇంట్లోనే ఉన్నాడు.

చివరికి ఆమె నడుమే పట్టేసింది. పక్కమీంచి లేవాలంటే ప్రాణం పోతోంది.

"గురువారం నేను వెళ్ళను" అంది శేషుతో. "బిడ్డ తిరిగాకే వెళ్తాను."

"తిరక్కపోతే?"

"తిరుగుతుంది."

"వరూ, నొప్పులు ముందే వస్తే? కాళ్ళు బయటికొచ్చి తల ఇరుక్కుంటే బిడ్డకి ప్రమాదమని డాక్టరమ్మ మనిద్దరికీ చెప్పింది కదా."

"అందుకే ఈలోపు తిప్పాలంటున్నాను. నన్ను అమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళు. నాకు చెప్పని ఆసనమేదో ఆవిడ దగ్గర ఉండే ఉంటుంది."

శేషు వాదించలేదు. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు అతనికి తెలిసి ఎవరూ లేరు. కారు తీశాడు.

వేటపాలెం దాటాక, సముద్రం హోరు వినిపించే దూరంలో, జీడిమామిడి తోటలో ఉంటుంది నాంచారమ్మ గారి ఆశ్రమం. ఆశ్రమమంటే ఒక తాటాకుల పందిరి, ఒక బావి, చుట్టూ మెత్తటి ఇసక. వరూధినికి ఉన్న విద్యంతా ఆవిడ పెట్టిన భిక్షే.

వాళ్ళు వెళ్ళింది ఆదివారం. ఆదివారాలు పాఠం ఉండదు. ఆ పూట పల్లెపాలెం జనం వస్తారు. వలలు లాగి, పడవలు తోసి, చేపల బుట్టలు మోసి నడుం పట్టేసినవాళ్ళు. వచ్చి ఇసకలో బోర్లా పడుకుంటారు. నాంచారమ్మ గారు పీట మీద కూర్చుని, ఒక్కొక్కరి నడుం మీద కుడిపాదం ఆనించి, కాసేపు ఉంచి, తీసేస్తారు. అంతే. వాళ్ళు లేచి ఇసక దులుపుకుని, ఆవిడకో దండం పెట్టి వెళ్ళిపోతారు.

ఈ తంతు వరూధినికి మొదటినుంచీ గిట్టదు. హైదరాబాదులో పెరిగిన పిల్ల. చేరిన కొత్తలోనే గురువుని నిలదీసింది.

"కండరం పట్టేస్తే కాలు ఆనిస్తే వదులుతుందా అమ్మగారూ? ఇదెక్కడి శాస్త్రం? సాటి మనిషి నడుం మీద కాలు పెట్టడం మర్యాదేనా? మీలాంటివాళ్ళే ఇలా చేస్తే ఇంక మూఢనమ్మకాలు పోయేదెప్పుడు?"

"వదులుతుందో లేదో నాకూ తెలీదమ్మాయ్" అన్నారావిడ. "వాళ్ళు అడుగుతారు, నేను పెడతాను."

వరూధిని ఆ రోజు ఇంకా చాలా అడిగింది. ఆ కాలే ఎందుకు అడుగుతారని మాత్రం అడగలేదు. గురువు పాదం కదా, అందుకే అనుకుంది.

ఇవాళ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేస్తూ వచ్చి పందిరి గుంజ పట్టుకుని నిలబడింది.

"అమ్మగారూ, బిడ్డ తిరగడం లేదు. కాళ్ళు కిందికే ఉన్నాయి."

నాంచారమ్మ గారు తలెత్తి చూశారు. "డాక్టరమ్మ ఏమంది?"

వరూధిని చెప్పింది.

"నువ్వేమన్నావు?"

"తలూపి వచ్చేశాను. కానీ నేను వెళ్ళను. నా క్లాసులో ముప్పై మంది ఆడవాళ్ళు నా మొహం చూస్తారమ్మగారూ. వాళ్ళకి ఇన్నాళ్ళూ ఏం చెప్పాను, ఇప్పుడేం చెప్పను? పోయినేడు మా క్లాసులోని ప్రసూనకి ఆపరేషనైతే, ఇంకాస్త శ్రద్ధ పెట్టాల్సింది అని తనతోనే అన్నాను."

"అన్నావా?"

"అన్నాను."

వరూధినే అందుకుంది. "నాకొక ఆసనం చెప్పండి. ఎంత కష్టమైనా చేస్తాను."

"నీకు తెలీని ఆసనం నా దగ్గరేముందే? అన్నీ చేసే ఉంటావు."

"చేశాను. వినడం లేదు."

"ఎవరు?"

వరూధిని "నా శరీరం" అనబోయింది. వినంది శరీరం కాదు. అది ఎప్పట్లాగే వంగింది, నిలిచింది, ఆఖరికి పట్టేసింది కూడా. వినంది లోపలున్న ఇంకొకరు.

"నడుం ఎలా ఉంది?" అడిగారు నాంచారమ్మ గారు.

"పట్టేసింది."

"అయితే వెళ్ళి వరసలో కూర్చో."

"నేనా?"

"నడుం పట్టినవాళ్ళంతా కూర్చునేది అక్కడే."

శేషు నవ్వు దాచుకోవడానికి బావివైపు తిరిగాడు.

జీడిమామిడి నీడలో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. వరూధిని వెళ్ళి చివర్న, చెట్టుకి ఆనుకుని కూర్చుంది. ఆమె ముందున్నది చేపలమ్మే మస్తానమ్మ. భారీ మనిషి, గొంతూ అంతే. వెనక్కి తిరిగి ఎగాదిగా చూసింది.

"ఏం టీచరమ్మా, నువ్వు కూడానా? ఈ కాలుకి శాస్త్రం లేదన్నావు కదా అప్పుడు?"

"ఇప్పుడూ లేదనే అంటున్నాను. అమ్మగారు కూర్చోమన్నారు, కూర్చున్నాను."

"కూర్చో తల్లీ, కూర్చో. నడుం పట్టినప్పుడు ఎవురైనా కూర్చోవలసిందే. నెలలు నిండినట్టున్నాయే, ఎప్పుడు కాన్పు?"

అన్నాళ్ళుగా ఊరందరికీ సమాధానం చెప్పి చెప్పి వరూధినికి విసుగొచ్చింది. "బిడ్డ తిరగలేదు. కాళ్ళు కిందికి పెట్టుకుని కూర్చుంది. చాలా? ఇంక నువ్వు కూడా గ్రహణం సంగతి అడుగు."

మస్తానమ్మ గ్రహణం సంగతి అడగలేదు. ఒక్క క్షణం అలాగే చూసింది. ఆ తర్వాత ఆమె మొహమంతా విచ్చుకుంది.

"ఎదురుకాళ్ళ బిడ్డా!" అని ఒక్క కేక పెట్టింది. "పోలయ్య మావా, ఇన్నావా? టీచరమ్మ కడుపులో ఎదురుకాళ్ళ బిడ్డంట!"

ముందున్న ముసలాయన నడుం నొప్పి మరిచిపోయి గిరుక్కున తిరిగాడు. వెంటనే "అబ్బా" అని నడుం పట్టుకున్నాడు. "నిజమేనా తల్లీ? మీ ఇల్లు చీరాల్లోనే కదా? దూరమేం కాదు. ఆటోలో వచ్చేయొచ్చు."

"ఎందుకు రావడం?" అంది వరూధిని తెల్లబోయి.

"ఎందుకేంటమ్మా? ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళ కాలు తగిల్తే గదా నడుం పట్టు వదిలేది! అమ్మగారా, పెద్దావిడైపోయింది. ఈవిడ తర్వాత మా పేటకి దిక్కెవురని మేం దిగులుపడి చస్తన్నాం."

వరూధిని మెల్లగా పందిరివైపు చూసింది. "అంటే అమ్మగారు..."

"మరి? ఇన్నేళ్ళూ ఈవిడ కాలే ఎందుకేయించుకుంటన్నామనుకున్నావు?" అంది మస్తానమ్మ. "కాలుకేమన్నా బంగారం అతికిందా?"

వరూధిని ఆ కుడిపాదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

పోలయ్యకి మధ్యలో ఒక అనుమానం వచ్చింది. "అవునే మస్తానమ్మా, మన కాలంలో సరే. ఇప్పుడు కోసి తీస్తారు గదా. కోసి తీసిన బిడ్డ ఎదురుకాళ్ళ లెక్కలోకొస్తుందా?"

"ఎందుకు రాదు?"

"దారి మారిందిగా."

"దారి మారితే కాళ్ళు మారతాయా మావా? నువ్వు పడవలో వచ్చినా, బస్సులో వచ్చినా పోలయ్యవే కదా?"

"అది కాదే..."

"ఏది కాదు?"

వాదన వరసంతా పాకింది. కాళ్ళు ముందు బయటికొస్తేనే లెక్క అని కొందరు. కడుపులో ఎట్టా కూర్చుందన్నదే లెక్క అని కొందరు. ఆపరేషన్ మంచిదా కాదా అని ఒక్కరూ అనలేదు. తల్లి ఏం తప్పు చేసిందని ఒక్కరూ అడగలేదు. వాళ్ళకి కావలసిందల్లా ఆ బిడ్డ క్షేమంగా రావడం, వచ్చి ఎప్పటికైనా వాళ్ళ నడుం మీద కాలు పెట్టడం.

వరస తరిగి వరూధిని వంతు వచ్చింది. బోర్లా పడుకునే వీలు లేదు కదా, ఎడమపక్కకి తిరిగి పడుకోమన్నారు నాంచారమ్మ గారు. పొట్ట కింద మడతపెట్టిన దుప్పటి ఒకటి దోపారు. పీట దగ్గరికి జరుపుకున్నారు.

"మీరు నాకెప్పుడూ చెప్పలేదు" అంది వరూధిని ఇసకవైపు చూస్తూ.

"నువ్వు అడగలేదు."

"మీ అమ్మగారు... బాగానే ఉన్నారా? మీరు పుట్టినప్పుడు?"

ఆవిడ దుప్పటి అంచు సరిచేశారు. "బతికింది" అన్నారు. "నేను బయటపడేసరికి ఇద్దరం నీలుక్కుపోయామంట. అమ్మ మంచం దిగేసరికి నేను బోర్లా పడుతున్నాను. నా ముందు ఒక అన్న ఉండాలి. వాడూ ఎదురుకాళ్ళే. దక్కలేదు."

సముద్రం హోరు వినిపిస్తోంది.

"అప్పుడు మా ఊళ్ళో డాక్టరమ్మ లేదు" అన్నారు ఆవిడ.

పాదం వచ్చి వరూధిని నడుం మీద ఆనింది. ముడతలు పడి, ఇసకతో గరుగ్గా, చల్లగా ఉంది. బరువే లేదు. తోయలేదు, నొక్కలేదు. ఊరికే ఆని ఉంది.

అప్పుడే పొత్తికడుపులో బిడ్డ తన్నింది.

ఇన్నాళ్ళూ అక్కడ తన్ను తగిలినప్పుడల్లా వరూధిని చెయ్యి తనకు తెలియకుండానే కడుపుని పైకి తోసేది, పో, తిరుగు, అన్నట్టు. ఇప్పుడూ చెయ్యి అక్కడికి వెళ్ళింది. తోయలేదు. అరచేయి ఆనించి, అలాగే ఉంచింది. వెనక ఒక పాదం, ముందు ఒక పాదం. ఆమె చాలాసేపు కదలలేదు.

నాంచారమ్మ గారు పాదం తీసేశారు.

మస్తానమ్మ చెయ్యి అందిస్తే పట్టుకుని లేచి కూర్చుంది. నడుం వదిలిందో లేదో ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పోలయ్య ఇంకా కదల్లేదు. అతని అనుమానం తీరలేదు. "అమ్మగారూ, మీరు తేల్చండి. ఆపరేషన్ చేస్తే ఎదురుకాళ్ళ లెక్క ఉంటుందా, పోతుందా?"

"నేనేం డాక్టర్నయ్యా?" అన్నారు ఆవిడ. "దాన్నే అడుగు."

అందరూ వరూధినివైపు తిరిగారు. శేషు కూడా బావి దగ్గర్నుంచి తిరిగి చూశాడు.

వరూధిని చీరకి అంటిన ఇసక దులుపుకుంది. తొందరపడకుండా దులుపుకుంది.

"ఆపరేషన్‌లో కూడా బిడ్డని కాళ్ళవైపు నుంచే తీస్తారు పోలయ్యా" అంది. "గురువారం పొద్దున తీస్తారు."

శేషు బావి చప్టా మీద కూర్చుండిపోయాడు.

"చెప్పానా మావా!" అంది మస్తానమ్మ.

నాంచారమ్మ గారు పాదానికి అంటిన ఇసక చేత్తో తుడుచుకుని, పీట మీంచి లేచారు.

"అమ్మాయ్, ప్రసూన ఇల్లు మీకు దారిలోనేగా" అన్నారు. "వెళ్తూ ఒకసారి ఆగు."