పోటొచ్చిందని ముందు ఎవరనాలి

మధ్యాహ్నం దాటింది. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. ఎవరి తాతలకూ గుర్తులేనంత పూర్వం, అలాంటి ఒక రోజున, ఏరు సముద్రంలో కలిసే చోట ఒక పల్లె ఆడవాళ్ళు గుల్లలు ఏరుకుంటున్నారు.

సముద్రం వెనక్కి తీసినప్పుడు అక్కడ ఇసుకమేట ఒకటి బయటపడుతుంది. మేటకూ ఒడ్డుకూ నడుమ ఒక పాయ. మోకాటిలోతు నీళ్ళలో దాన్ని దాటి, పిల్లల్ని వెంటేసుకుని మేట మీదికి వెళతారు. పోటు మొదలైతే ముందు నిండేది ఆ పాయే. మేట మీద పాదం తడవకముందే వెనక దారి మూసుకుపోతుంది.

అందుకని, ముందు ఎవరు కనిపెడితే వాళ్ళు కేక వెయ్యాలి. అయితే ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. కేక తప్పయితే, వేసిన మనిషి గంపలోని గుల్లలు మిగతావాళ్ళు పంచుకుంటారు. గుల్లలు పోతే పోయాయి. వెక్కిరింత మాత్రం ఏడాది పొడుగునా పోదు.

కిందటి వేసవిలో కాసులమ్మ అలా కేక వేసింది. పోటు రాలేదు. అప్పటినుంచి ఆమెను ఉలికిపిట్ట అంటున్నారు.

ఈ రోజు ఆమె కూతుళ్ళు మంగ, సీతాలు మేట మీద ఇసుకలో ఆడుకుంటున్నారు. కాసులమ్మ ఏరుతూ ఏరుతూ పాయ వైపు చూసింది. ఇందాక పైకి తేలి ఉన్న రాయి ఇప్పుడు లేదు. చుట్టూ చూసింది. అందరూ వంగి ఏరుకుంటున్నారు.

“మబ్బుకి కనపడలేదేమోలే” అనుకుని తనూ వంగింది.

కాసేపటికి పీతలు బొరియల్లోకి దూరి, లోపలినుంచి మన్ను అడ్డం పెట్టుకోసాగాయి. పోటు ముందు అవి చేసే పని అదే. తోటికోడలు లోవమ్మ కూడా వాటిని చూసింది. ఇద్దరి చూపులూ కలిశాయి.

“ఏమే కాసులూ, మళ్ళీ మా గంపలు నింపుతావా ఏంటి?” అంది లోవమ్మ.

అందరూ నవ్వారు. కాసులమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు తన చెవికే బాగాలేదు.

మూడోసారి చూసేసరికి పాయలో నురుగు ఏటి పైకి ఎదురు పోతోంది. అందరిలోకీ పెద్దది పైడమ్మ. ఆమె కూడా నిలబడి ఆ నురుగునే చూస్తోంది. తర్వాత పక్కవాళ్ళ మొహాలు చూసింది. తర్వాత మెల్లగా వంగింది.

కాసులమ్మ అది చూసింది. ఈవిడకి తెలుసు. అందరికీ తెలుసు.

గంప వదిలేసి గొంతెత్తింది. “పోటొస్తోంది. పిల్లల్ని ఎత్తుకోండి.”

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఎందుకనీ అడగలేదు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అందరూ ఒక్కసారే పరుగెత్తారు. పాయ అప్పటికే గుండెల దాకా వచ్చింది. కాసులమ్మ సీతాల్ని మెడ మీద వేసుకుని, మంగ రెక్క పట్టుకుని దాటింది. వెనక లోవమ్మ కాలు జారింది. చేతిలో ఉన్న కొడుకు గంగులును ముందుకు తోసింది. పైడమ్మ వాడి చెయ్యి అందుకుంది. లోవమ్మ చెయ్యి ఎవరికీ అందలేదు.

ఒడ్డున పైడమ్మ కూలబడింది.

“నాకు ముందే తెలుసే కాసులూ. నువ్వు నవ్వుతున్నావుగదా అని ఊరుకున్నాను.”

“నువ్వు వంగి ఏరుతున్నావని నేను ఊరుకున్నాను అత్తా.”

కాసులమ్మ ఒడ్డునున్న వాళ్ళను ఒక్కొక్కరినే తడిమి లెక్కపెట్టింది. మంగ ఉంది. సీతాలు ఉంది. గంగులు ఉన్నాడు. పైడమ్మత్త ఉంది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఎన్నిసార్లు పెట్టినా లోవమ్మ తక్కువే.

పిల్లలూ, పక్కవాళ్ళు ఊరుకున్నారని మీరూ ఊరుకోకండి; వాళ్ళు మీ మొహమే చూస్తూ ఉండొచ్చు.