కత్తి మోయని గోడ

పూర్వం ఒక చిన్న రాజ్యాన్ని కీర్తిసేనుడనే రాజు ఏలేవాడు. యుద్ధంలో చనిపోయిన నలభైమంది సైనికుల కుటుంబాలకు ఆయన నలభై ఇళ్లు కట్టించాడు. మంచి పనే, కాదనను. కానీ తన పుట్టినరోజుకల్లా అయిపోవాలని పట్టుబట్టాడు. గోడలకు వాడే సున్నం నెల్లాళ్లు నానాలని, గానుగలో రుబ్బాలని మేస్త్రీలు మొత్తుకున్నారు. వింటేగా. చివరికి వాళ్లు ఉత్త బురదతో ఇటుకలు పేర్చి, పైన వెల్ల వేసి చేతులు దులుపుకున్నారు.

తొలి వానకే పోలమ్మ ఇంటి గోడ కూలింది. మొగుణ్ణి యుద్ధంలో పోగొట్టుకున్న మనిషి, తోడుగా మిగిలిన అత్తను ఆ గోడ కింద పోగొట్టుకుంది. మిగతా ఇళ్లన్నీ బీటలు వారాయి. జనం వచ్చి మొరపెట్టుకుంటే రాజు మండిపడ్డాడు.

"ముసలిది కాలం తీరి పోయింది. నా ఇళ్లకు వంక పెట్టినవాణ్ణి దేశం దాటిస్తాను."

కొలువులో గవరయ్య అనే చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడమే అతని ఉద్యోగం. ఆ రోజు మాత్రం అతను వెళ్లి ఆ ఇళ్ల బీటలన్నీ చూసి వచ్చాడు. ముసురు పట్టకముందే ఆ జనాన్ని బయటికి తేవాలి. ఆలోచించి, చేతులు కట్టుకుని రాజు ముందు నిలబడ్డాడు.

"ప్రభూ, ఇళ్లు దివ్యంగా ఉన్నాయి. ఒక్కటే లోటు. యుద్ధంలో పోయినవాడి కత్తిని రాజుగారే స్వయంగా వాళ్లింటి గోడకు మేకు కొట్టి తగిలించడం మన ఆచారం కదా. ఆ కత్తులు ఇంకా మూటల్లోనే ఉన్నాయి."

రాజు ఉబ్బిపోయాడు. మర్నాడు ఉదయమే మేళతాళాలతో బయల్దేరాడు.

మొదటి ఇంట్లో సైనికుడి భార్య కత్తిని రెండు చేతులా తెచ్చి ఇచ్చింది. రాజు ఒక్క దెబ్బ కొట్టాడో లేదో, మేకు సగానికి పైగా దిగిపోయింది. కత్తి తగిలించగానే మేకూ, కత్తీ, పెళ్లలూ కలిసి ఆయన కాళ్ల దగ్గర పడ్డాయి.

"ఇక్కడేదో పాత కన్నం ఉన్నట్టుంది" అన్నాడు రాజు.

"కొత్తింట్లోకి పాత కన్నం ఎలా వచ్చిందో ప్రభూ" అన్నాడు గవరయ్య.

రెండో ఇంట్లో సుత్తి అవసరమే రాలేదు, బొటనవేలితో నొక్కితే చాలింది. మూడో ఇంట్లో మేకు ఊడి పడి, ఆ కన్నంలోంచి వీధి కనిపించింది. మేళం ఆగిపోయింది.

"ఏమిటిది గవరయ్యా?"

"ఒక్క కత్తిని మోయలేని గోడ, పైన పెంకులన్నిటినీ ఎలా మోస్తోందా అని నేనూ చూస్తున్నాను ప్రభూ. తమరి మీద గౌరవంతో నిలబడ్డట్టుంది. వానకు ఆ మర్యాద తెలియదు."

రాజుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గుంపులోకి చూశాడు. అక్కడ పోలమ్మ చంకలో కత్తి మూట పెట్టుకుని నిలబడి ఉంది. తగిలించడానికి ఆమెకు గోడే లేదు. రాజు నవ్వు ఆగిపోయింది.

"ఓడిపోయాను గవరయ్యా. ఏం కావాలో అడుగు."

"సున్నం నాని, కొత్త గోడలు లేచేదాకా వీళ్లందరికీ కోటలో చోటివ్వండి. పోలమ్మ కత్తికి మీ కొలువు గోడ ఇవ్వండి."

సాయంత్రానికి అందరూ కోటకు చేరారు. కొలువులో రాజు మేకు పెట్టి కొట్టాడు. దిగలేదు. మళ్లీ కొట్టాడు. చెమటలు పట్టాయి. పన్నెండో దెబ్బకు గానీ మేకు దిగలేదు. కత్తి తగిలిస్తే కదలకుండా నిలిచింది.

పోలమ్మ దగ్గరికెళ్లి ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"ఎంత గట్టిగుందో మారాజా. ఇట్టాంటి గోడైతే మా అత్త బతికుండేది."

రాజు సుత్తి కింద పెట్టి, "నన్ను క్షమించమ్మా" అన్నాడు. పోలమ్మ గోడ మీంచి చెయ్యి తియ్యలేదు.